కథలాపూర్‌కు రైలు వేయు విధానం

కోరుట్ల స్టేషన్ నుంచి కథలాపూర్ దాకా సరుకుల రైలు లైను వేయదలచిన వారికి శుభం. అనుమతులు అక్కర్లేదు, భూసేకరణ లేదు. ఒక బల్ల, కొంత ప్లైవుడ్, ఇంట్లోవాళ్ల ఓపిక చాలు. ఎందుకంటే ఇది మోడల్ రైలు. ఉన్న లైనును కుదించి కట్టేవాళ్లు కొందరు. లేని లైనును ఊహించి, ఉండే ఉంటుందనిపించేలా కట్టేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో పద్ధతిని ఫ్రీలాన్స్ అంటారు. కథలాపూర్‌లో పట్టాలే లేవు కాబట్టి మనకు రెండోదే గతి. మొదటి పని శంకుస్థాపన. రైలు ఏ స్కేలుదైనా శిలాఫలకం మాత్రం అసలు సైజులోనే ఉండాలి. రాయి పాతిన వెంటనే పట్టాలు వేసేస్తే చూసేవాళ్లు నమ్మరు. పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైనుకు పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో శంకుస్థాపన చేశారు. 177 కిలోమీటర్లూ పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. సహజత్వమే ముఖ్యమనుకుంటే 24 ఏళ్లు ఆగండి.

ఆలోగా ఇంజను కొనుక్కోండి. ఏం మోయాలో తేలకముందే ఇంజను కొనడం ఈ సరదాలో దేశాలన్నిటా ఉన్న ఆచారం. నాలుగు వేల హార్స్‌పవర్ డీజిల్ ఇంజను అల్మారాలో దివ్యంగా ఉంటుంది. దానికి మూడు బియ్యం వ్యాగన్లు తగిలించి పల్లెకు పంపితే మాత్రం మొహమాటానికి కూడా ఎవరూ ఒప్పుకోరు. లేని లైనును నమ్మించేది ఇంజను కాదు, సరుకు. అమెరికాలో అలెన్ మెక్‌క్లెలాండ్ కట్టిన ‘వర్జీనియన్ అండ్ ఒహాయో’ మ్యాపులో ఎక్కడా లేని రైల్వే. అయినా అది నిజమనిపించిందంటే కారణం, దాని వ్యాగన్లకు గది గోడ దాటి అవతల ఏదో ఒక గమ్యం ఉండటమే. దీని సారం ఇదీ: పట్టా ఒక్కటే అబద్ధం కావాలి, సరుకు, తూకం, కాలం అన్నీ నిజం కావాలి. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇన్ని నిజాలు కూడగట్టడం కష్టమనిపిస్తే ఇంజనును అల్మారాలోనే ఉంచండి.

అలాంటి నిజమైన సరుకు దొరికేది ఫ్యాక్టరీ లైన్ల మీద. అవి మన దగ్గర ఎక్కడున్నాయని అడిగేవాళ్లు రామగుండం దాకా వెళ్లొస్తే చాలు. అక్కడ ఎన్టీపీసీ కరెంటు కేంద్రానికి సింగరేణి బొగ్గు వచ్చేది ఎన్టీపీసీ సొంత పట్టాల మీద. ఆ ఏర్పాటును మెర్రీ గో రౌండ్ అంటారు. అడుగు తెరుచుకునే వ్యాగన్లు బొగ్గును పట్టాల కిందికి వదిలేసి ఖాళీగా మళ్లీ గని దారి పడతాయి. బల్ల మీద దీనికో పాత చిట్కా ఉంది. మధ్యలో అడ్డుగోడ పెట్టి ఒకవైపు గని, రెండోవైపు కరెంటు కేంద్రం కట్టి, గోడ కింద పట్టాలు కలపాలి. గనిలోకి నెట్టిన ఖాళీలు అవతల కేంద్రం నుంచి ఖాళీలుగా, కేంద్రంలోకి నెట్టిన నిండు వ్యాగన్లు ఇవతల గని నుంచి నిండుగా బయటికొస్తాయి. ఒక్క బొగ్గు పలుకు ఎత్తే పని లేదు. ఇక చక్కెర. బోధన్ నిజాం షుగర్స్‌కు ఒకప్పుడు చెరకు తోలుకోవడానికి సొంత పట్టాలుండేవి. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. పెద్దపల్లి లైను నిజామాబాద్ చేరింది 2017లో. కాబట్టి మీ బల్ల మీద కూడా రైలు వచ్చేనాటికి ఫ్యాక్టరీ గేటుకు తాళం ఉండాలి. తుప్పు రంగు ఒక డబ్బా ఎక్కువే తెచ్చుకోండి.

లారీ ఉండగా ఇదంతా ఎందుకనేది గట్టి అభ్యంతరం. వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో కాంటా అయి, తాలు పేరున, తేమ పేరున కోతపడి, లారీ ఎక్కి మిల్లుకు పోతాయి. పసుపు మెట్‌పల్లికో నిజామాబాద్‌కో పోయేదీ రోడ్డు మీదే. తక్కువ దూరానికి లారీదే గెలుపు. రైలైతే ఎక్కించడానికోసారి, దించడానికోసారి హమాలీ ఖర్చు అదనం. బరువైన సరుకు ఒకచోటి నుంచి ఒకే చోటికి ఆగకుండా కదిలితేనే రైలుకు గిట్టుబాటు. బొగ్గు అలాంటిది, కరీంనగర్ గ్రానైట్ దిమ్మెలు కాకినాడ రేవుకు రైలెక్కిందీ అందుకే. పైగా రైల్వేకు ఇప్పుడు కావలసింది నిండు రేకు, అంటే 42 బీసీఎన్ (మూత) వ్యాగన్లు; మూడు వ్యాగన్ల బేరాన్ని అది కన్నెత్తి చూడదు. దీనికి జవాబు కాలం మార్చడం. ఒకటీ రెండు వ్యాగన్లు బుక్ చేసుకోగలిగిన 1960లకు మీ లైనును జరపండి. అప్పటికి కోరుట్లకే రైలు లేదు కదా అంటే నిజమే. మనకు అనుమతించిన ఒక్క అబద్ధం అదే. లారీని మాత్రం తీసేయకండి. పట్టా పక్కనే నిలబెట్టి, రైలు కన్నా ముందు బయల్దేరదీయండి.

చోటు విషయంలో పొదుపు పనికిరాదనుకుంటే 177 కిలోమీటర్లనూ 1:87 స్కేలులో కట్టండి. రెండు కిలోమీటర్ల పొడవు బల్ల సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, ఆ స్కేలులో 19 పైచిలుకు రావాలి. బజారులో దొరికే పట్టా 16.5. ప్రధాన లైను మొదలుపెట్టకముందే ఏడోవంతు తప్పు. అదే 762 మిల్లీమీటర్ల నారోగేజి ఫ్యాక్టరీ లైనైతే 8.76 కావాలి, 9 మిల్లీమీటర్ల పట్టా సిద్ధంగా దొరుకుతుంది. చిన్న లైనే నిజానికి దగ్గర. గొప్పలకు పోయేవాళ్లు దీని జోలికి పోకూడదు. ఇంకా చిన్నది కావాలంటే, ఇంగ్లండులో అలన్ రైట్ రూపొందించిన షంటింగ్ ఆట ‘ఇంగ్లెనుక్’ ఉంది. అందులో ఉన్నవి మూడు సైడింగులు: ఒకదానిలో ఐదు వ్యాగన్లు, మిగతా రెండిటిలో మూడేసి పడతాయి. ఎనిమిది వ్యాగన్లలో ఐదింటిని చీటీ పడ్డ వరుసలో కూర్చాలి. అలాంటి వరుసలు 6,720. అల్మారా పలక మీద పట్టే ఈ లైనుతో ఏళ్లు గడుస్తాయి, అందుకే చాలామంది కంటికి ఇది ఆనదు.

ఊహే అయినప్పుడు కళ్లెం దేనికి, సిరిసిల్ల దాకా పొడిగిస్తే పోలేదా అనేవాళ్లూ ఉంటారు. పొడిగించవచ్చు. మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016లో శంకుస్థాపన జరిగి, 2023 అక్టోబరులో రైలు సిద్దిపేట చేరింది. సిరిసిల్ల ఆ దారిలో తర్వాతిది. కానీ అక్కడి సాంచెల (మరమగ్గాల) దగ్గరికి సైడింగు వేసే ముందు, నూలు ఎన్ని బేళ్లు దిగుతుంది, బట్ట ఏ దుకాణానికి పోతుంది, తిరుగు వ్యాగన్ ఖాళీగా వస్తే కిరాయి ఎవరి మీద పడుతుంది అని రాసుకోవాలి. బల్ల మీద ఈ లెక్కలో నిలవని పట్టాను ఒక సాయంత్రంలో పీకేయవచ్చు; నేల మీద ఆ వెసులుబాటు లేదు. ఊహకు కళ్లెం వేసేది అందుకే. ముందు సరుకు, తర్వాత లెక్క, ఆపైన పట్టా, తీరిక ఉంటే రాయి: ఈ వరుసలో కట్టిన లైను మన ప్రాంతానికి కొంచెం కొత్తగా కనిపించవచ్చు. చూడవచ్చిన వాళ్లు ఆ ఒక్క కారణంగా నమ్మకపోతే, శిలాఫలకం చూపించండి.