నిర్వచనం పోలీసు స్టేషన్లో దొరుకును

సెడిషన్ అనే మాటకు అర్థం పంజాబీలకు నేర్పడానికి ఇంగ్లీషు దొరలు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. తలా ఒక డిక్షనరీ పంచి ఊరుకోవచ్చు. కానీ చదివింది మరిచిపోతారు, ఒంటికి తగిలింది మరిచిపోరు అని దొరల నమ్మకం. అందుకని పంజాబులో థియరీ క్లాసులు పెట్టలేదు. అన్నీ ప్రాక్టికల్సే.

మొదటిది 1907లో. బంజరు దున్ని కాలువల కింద స్థిరపడ్డ రైతుల హక్కులకు కత్తెర వేస్తూ సర్కారు ఒక బిల్లు తెచ్చింది. బారీ దోఆబ్ కాలువ కింద నీటి తీరువా పెంచింది. ల్యాల్‌పూర్ సభలో ఒకాయన ‘పగ్డీ సంభాల్ జట్టా’ అని పాట కట్టి వినిపించాడు. రైతును తలపాగా చూసుకోమంటే దొర తన టోపీ తడుముకున్నాడు. లాలా లజపతిరాయ్‌నీ, భగత్‌సింగ్ చిన్నాన్న అజిత్‌సింగ్‌నీ పట్టుకుని బర్మాలోని మాండలేకు పంపేశారు. ఛార్జిషీటూ లేదు, విచారణా లేదు. 1818 నాటి మూడో రెగ్యులేషన్ అనే బూజు పట్టిన కాగితం చాలింది. లండన్‌లో అప్పుడు భారత వ్యవహారాల మంత్రి జాన్ మార్లే. ఉదారవాది, పండితుడు, గ్లాడ్‌స్టన్ జీవితచరిత్ర రాసినవాడు. ఆయన గ్రంథాలు చదివి మన బీయేలు కళ్లు తుడుచుకునేవారు. ఆయనే పార్లమెంటులో లేచి ఈ ప్రవాసాన్ని సమర్థించాడు.

అసలు తమాషా వేరే ఉంది. ఆ ఏడు మే నెలలోనే వైస్రాయి మింటో ఆ బిల్లును తోసిపుచ్చాడు. బిల్లు పనికిరాదని సర్కారే ఒప్పుకుందన్నమాట. పనికిరాదని సర్కారు కన్నా ముందు చెప్పినవాళ్లు మాత్రం నవంబరు దాకా మాండలేలోనే ఉన్నారు. తొందరపడి ముందే నిజం చెప్పడం కూడా సెడిషన్ కిందికే వస్తుందని ఆ ఏడు పంజాబుకు తెలిసింది. మనకూ ఆ మరుసటేడే తెలిసింది లెండి. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైలుకు పంపారు.

విద్యార్థుల్లో చురుకైనవాళ్లు గదర్ పార్టీవాళ్లు. తిరుగుబాటుదారులనే పేరు దొర ఎలాగూ తగిలిస్తాడు, ఆ శ్రమ ఆయనకెందుకని 1913లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన పత్రికకు వాళ్లే ‘గదర్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పంజాబీల నడుమ మన కనిగిరి దరిశి చెంచయ్య కూడా ఉన్నాడు. చదువుకుందామని అమెరికా వెళ్లి, ఈ చదువులో పడి జైళ్లపాలయ్యాడు.

1918లో జస్టిస్ రౌలట్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ కమిటీకి కాగితాల మీద పేరే సెడిషన్ కమిటీ. మరుసటి మార్చికల్లా చట్టం వచ్చింది. దాన్ని పంజాబు జనం మూడే ముక్కల్లో తేల్చేశారు: న దలీల్, న వకీల్, న అపీల్. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో 1,650 తూటాలు పేలాయి. సర్కారు లెక్కకే 379 మంది పోయారు. పంజాబు అంతటా నైతిక ప్రభావం పడాలనే కాల్చానని, ఆ కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ హంటర్ విచారణ కమిటీకి తాపీగా చెప్పుకున్నాడు. అమృత్‌సర్‌లో ఒక సందులో మిస్ షేర్‌వుడ్ అనే మిషనరీని అల్లరిమూక కొట్టింది. అది దారుణమే. ఆమెను కాపాడిందీ భారతీయులే. ఇంటికి వెళ్లాలంటే ఆ సందుగుండా పొట్టమీద పాక్కుంటూ వెళ్లమన్నది మాత్రం కొట్టినవాళ్లను కాదు, అక్కడ కాపురమున్నవాళ్లను.

లాహోరు క్లాసు ఇంకా కట్టుదిట్టం. కల్నల్ ఫ్రాంక్ జాన్సన్ మార్షల్ లా నోటీసులను ఇళ్ల గోడలకు అతికించి, ఎవరి గోడ మీది కాగితం చిరిగితే వాళ్లదే నేరమన్నాడు. ఇంటాయన తన గోడకు తానే కాపలా కాసుకోవాలి, ఆ కాగితంలో ఉన్నది తనను అరెస్టు చేసే ఉత్తర్వయినా సరే. సనాతన ధర్మ కాలేజీ గోడ మీది నోటీసు చిరిగితే సుమారు 500 మంది విద్యార్థులనూ వాళ్ల అధ్యాపకులనూ ఎండలో కోట దాకా నడిపించి నిర్బంధించాడు. రవి అస్తమించని సామ్రాజ్యం పిండి జిగురు మీద నిలబడి ఉందని లాహోరు కుర్రాళ్లకు అప్పటిదాకా తెలియదు. కూల్చడానికి బాంబులక్కర్లేదు, గోరు చాలునని కల్నల్ గారే బయటపెట్టారు.

స్వతంత్రం వచ్చింది. దొరలు వెళుతూ పాఠ్యపుస్తకం బల్లమీద వదిలేసి పోయారు. రాజ్యాంగం వచ్చిన కొత్తల్లోనే అకాలీ నాయకుడు మాస్టర్ తారాసింగ్ మీద సెడిషన్ సెక్షన్ 124ఏ కింద కేసు పెడితే, ఆ సెక్షన్ వాక్‌స్వాతంత్ర్యం ముందు నిలవదని పంజాబు హైకోర్టు కొట్టేసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎరిక్ వెస్టన్. ఇంగ్లీషువాడు! ఇంగ్లీషువాడు చింపిన కాగితాన్ని మనవాళ్లు మళ్లీ జిగురు రాసి అతికించారు. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ. ఈ సెక్షన్ అసహ్యమైనది, ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదని ఆ చర్చలోనే నెహ్రూ అన్నారు. ఆయన అంటూనే ఉన్నారు, అది అతుక్కుంటూనే ఉంది. 1962లో సుప్రీంకోర్టు హింసకు ఉసిగొల్పితేనే అని గీత గీసి, సెక్షన్‌ను మాత్రం ఉండనిచ్చింది. ఆ గీత ఠాణాల దాకా వెళ్లలేదు.

1984 అక్టోబరు 31న, ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజున, చండీగఢ్ నీలమ్ సినిమా హాలు ముందు ఇద్దరు ఉద్యోగులు ఖలిస్తాన్ నినాదాలు చేశారని కేసు. ఆ వేళ అలాంటి కేకలు నీచమే, నాకు వాటిమీద జాలి లేదు. కానీ చుట్టూ ఉన్న జనం ఉలకలేదు, పలకలేదు. ఉలిక్కిపడింది పోలీసులే. ఒకటి రెండుసార్లు నినాదం చేసినంత మాత్రాన అది రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1995 వచ్చింది.

2022లో అదే కోర్టు 124ఏ మీద కొత్త కేసులు ఆపమంది. పాలకులకు పౌరుషం వచ్చింది. వలసకాలపు మచ్చ చెరిపేస్తున్నామన్నారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలయింది. సెడిషన్ మాట నిజంగానే పోయింది. ఆ స్థానంలో 152వ సెక్షన్, దాని కడుపులో సబ్‌వర్సివ్ యాక్టివిటీస్ అనే కొత్త ఇంగ్లీషు వచ్చాయి. యావజ్జీవం కాకపోతే మూడేళ్లన్న పాత శిక్ష ఇప్పుడు ఏడేళ్ల దాకా అయింది. మచ్చ చెరిపినందుకు కూలి కాబోలు. ఇంతకూ ఆ సబ్‌వర్సివ్ అంటే ఏమిటో సంహితలో ఎక్కడా రాయలేదు. పంజాబు రైతులెవరికైనా సందేహముంటే దగ్గర్లోని ఠాణాకు వెళ్లి అడగవచ్చు. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది, ఓపిగ్గా చెబుతారు. తిరిగి ఇంటికి ఎప్పుడు వస్తారన్నది మాత్రం ముందుగా చెప్పలేరు.