సూరత్ చీర, మా సందు కాల్వ

మొత్తానికి మా మున్సిపాలిటీ వాళ్ల అధ్యయన యాత్ర ఈసారి సూరత్‌కి అన్నమాట. పోయినసారి ఇండోర్ అయింది. అంతకుముందు వెళ్లిన చోట ఫొటోల్లో వెనకాల మంచుకొండలున్నాయి. అక్కడి మురుగు కాల్వల గురించి మా పాలకవర్గం ఏం అధ్యయనం చేసిందో ఆ కొండలకే తెలియాలి. డెంగీ జ్వరాలు మొదలవగానే 'ముందస్తు చర్యలు' అని పేపర్లో పడితే దోమల మందు కొడతారనుకున్నాం. టికెట్లు కొట్టించారు.

యాత్ర కార్యక్రమం కాగితం ఒకటి నా కంటపడింది. మొదటి రోజు ప్రయాణ బడలిక. రెండో రోజు పొద్దున చెత్త శుద్ధి కేంద్రం, ముప్పావు గంట. ఆ తర్వాత చీకటిపడే దాకా 'స్థానిక వస్త్ర పరిశ్రమ పరిశీలన'. అంటే రింగ్ రోడ్డు చీరల బజారు. మూడో రోజు, మిగిలిపోయిన పరిశీలన.

చీరల సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా వార్డు కౌన్సిలరు ఆడమనిషి. గెలిచింది ఆవిడ, సంతకం ఆవిడది, అధ్యయనం మాత్రం వాళ్లాయన చేస్తాడు. చీర ఎలాగూ ఆవిడకే వస్తుంది గనక మహిళా సాధికారతకు లోటు లేదు. మొన్న సాయంత్రం వాళ్ల వరండాలో జాబితా రాసుకుంటుంటే విన్నాను. వదినకి జార్జెట్, మరదలికి డోలా సిల్క్, పెళ్లిలో పెట్టుబడి చీరలు టోకున పాతిక. ఎక్కడైనా 'బ్లీచింగ్' అన్న మాట వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఫాల్ కుట్టించే దగ్గర ఆగిపోయారు.

ఇండోర్ నుంచి తెచ్చిన విజ్ఞానాన్ని అప్పట్లో మిక్చరు పొట్లాల రూపంలో వార్డంతా పంచారు. అబద్ధమెందుకు, నేనూ తిన్నాను. కాస్త కారం ఎక్కువ.

సూరత్‌లో తినాలి, కాశీలో పోవాలి అని గుజరాతీల సామెత. 1994 సెప్టెంబరులో సూరత్ ఆ రెండో పనికి జనాన్ని కాశీ దాకా పోనివ్వలేదు. తపతి వరద తీసింది, చెత్తా చచ్చిన పశువులూ వీధుల్లో కుళ్లాయి, వేడ్ రోడ్డు వైపు మనుషులు దగ్గుతూ పడిపోయారు. ప్లేగు అన్న మాట ఒక్క రాత్రిలో ఊరంతా పాకింది. చచ్చిపోయింది యాభై మంది పైచిలుకు. పారిపోయింది లక్షల మంది. క్లినిక్కులకు తాళాలేసి వాళ్లకంటే ముందే రైలెక్కిన ప్రైవేటు డాక్టర్లున్నారు. దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాయమైంది.

లింబాయత్‌లో మరమగ్గం మీద బతికే మా బాబాయి, మూతికి తువ్వాలు చుట్టుకుని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ చేరాడు. దగ్గు లేదు, జ్వరం లేదు. అయినా పది రోజులు పశువుల కొట్టంలో పడుకోబెట్టాం. అన్నం గిన్నె కర్రతో తోశాం. ఆ కర్ర పట్టుకున్నది నేనే. తిన్నాక ఆయనే గిన్నె కడిగి, ఎండలో బోర్లించి పెట్టేవాడు, మాకు భయం లేకుండా.

అలాంటి ఊరు బాగుపడింది. 1995లో కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారుల్ని పొద్దున్నే ఏసీ గదుల్లోంచి లాగి వీధుల్లో నిలబెట్టాడు. ఊరిని ఆరు జోన్లు చేసి నిర్ణయాలు అక్కడికక్కడే తీసుకోమన్నాడు. ఆక్రమణల కూల్చివేత పెద్దవాళ్లతో మొదలుపెట్టాడు. ఎక్కడ ఎన్ని జ్వరాలో రోజూ లెక్క తెప్పించుకున్నాడు. 1996లో ఇన్‌టాక్ సంస్థ శుభ్రతలో చండీగఢ్ తర్వాతి స్థానం సూరత్‌కిచ్చింది. ఆయన్ని అక్కడ ఎక్కువకాలం ఉంచలేదు, అది మనకు బాగా తెలిసిన కథే.

ఇందులో రైలెక్కి వెళ్లి నేర్చుకోవాల్సింది ఏది? చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడవడమా? జ్వరాల లెక్క దాచకపోవడమా? మా ఊళ్లో పిల్లాడికి ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికొచ్చినా చీటీలో 'విషజ్వరం' అనే రాయిస్తారు. డెంగీ అంటే లెక్కలోకి వస్తుందట. విషజ్వరం ఏమిటి, పాము కరిచిందా? కన్నతల్లి ముందు ఆ మాట చెప్పడానికి నోరెలా వస్తుంది? సిగ్గుండాలి. ప్లేగు నాడు పారిపోయినవాళ్లను నేను తప్పుపట్టను, ప్రాణభయం ఎవరికైనా ఉంటుంది. వీళ్లు ఏ భయమూ లేకుండా, మన పన్ను డబ్బులతో, ఏసీ బోగీలో పారిపోతున్నారు.

మంత్రిగారొచ్చిన రోజు రోడ్డు వారన వేసే బ్లీచింగ్ ముగ్గు జోలికి మాత్రం పోను. కనీసం పండగ కళ ఉంటుంది.

నిన్న పొద్దున మా సందులో కాల్వ తీసే ఆవిడ రెండు చేతులకూ పాలిథిన్ కవర్లు తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకుని కనిపించింది. ఎడమచేతి కవరు చిరిగి, వేళ్లు బయటికొచ్చాయి. గ్లౌజులేవమ్మా అన్నాను.

"రెండు నెలల సంది అడుగుతున్న సారూ. పెద్దసార్లు టూరుకు పోయొచ్చినంక ఇస్తరంట," అని, పార పక్కన పెట్టి కవరు సర్దుకుంది. దాని మీద మా బజార్లోని చీరల కొట్టు పేరుంది.