ల్యాంపు బావగారు

అమెరికాలో తెలుగువాళ్ళు గుంపుగా ఉన్న ఏ ఊరికి వెళ్ళినా ఒక ల్యాంపు బావగారు తగులుతారు. యాభై దాటి, ఇంటి అప్పు తీరవచ్చి, పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక ఈ అవతారం బయటపడుతుంది. ఆ వయసులో కొందరు వీణ పట్టుకుంటారు, కొందరు పెరట్లో ఆనపపాదు పెడతారు. ఈయన పాత ఫ్లోర్ ల్యాంపుల్లో పడతారు.

మా బావగారు పడింది సాక్షాత్తూ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. 1879లో ఎడిసన్ మహాశయుడు బల్బు వెలిగించిన మెన్లో పార్కు ఆ ఊళ్ళోదే. దాని గుర్తుగా కట్టిన టవరు నెత్తిమీద ఇప్పటికీ పెద్ద గాజు బల్బు ఉంటుంది. ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు నయాగరా అంటారు. బావగారు మాత్రం సూట్‌కేసులు దింపకుండానే కారు టవరు వైపు తిప్పుతారు.

న్యాయంగా చెప్పాలంటే ఈ జబ్బులో తప్పంతా ఆయనది కాదు. అక్కడి చాలా అపార్ట్‌మెంట్లలో హాలు సీలింగుకి లైటే ఉండదు. తలుపు పక్క స్విచ్చి నొక్కితే ఏదీ వెలగదు. అది ఎక్కడో సోఫా వెనకాల ఉన్న ప్లగ్గుకి కరెంటు ఇస్తుంది, అందులో ల్యాంపు పెట్టుకునే పూచీ మనది. వైటూకే రోజుల్లో దిగిన బావగారు ఈ మర్మం తెలియక, మొదటి రాత్రి బాత్‌రూము తలుపు బార్లా తీసి ఆ వెలుతురులో పులిహోర తిన్నారట. మర్నాడే కొన్నది హాలోజెన్ టార్షేర్. పొడుగాటి కడ్డీ, పైన కంచం, అందులో 300 వాట్ల బల్బు, దానిమీద తీగల జాలీ. పురుగు పడితే వేపుడు వాసన. ఆ జాలీకో కథ ఉంది. ఈ ల్యాంపుల వల్ల ఇళ్ళు అంటుకుంటున్నాయని గోల పుట్టి, 1997లో దాదాపు 4 కోట్ల ల్యాంపులకు జాలీలు బిగించుకోమని ప్రభుత్వ సంస్థే చాటింపు వేసింది. జాజ్ విద్వాంసుడు లయొనెల్ హాంప్టన్ న్యూయార్క్ ఇల్లు ఆ ఏడాది మొదట్లో తగలబడింది ఇలాంటి ల్యాంపు పడిపోయే.

ఇప్పుడు ఆయన ముందు హాలోజెన్ మాటెత్తితే చెవులు మూసుకుంటారు. శుక్రవారం తెల్లారకుండానే ఏదో ఎస్టేట్ సేల్ గుమ్మంలో నిలబడి ఉంటారు. ఎవరో పెద్దావిడ కాలం చేస్తే ఇంట్లో సామానంతటికీ ధర చీటీలంటించి అమ్మే సంత అది. లోపలికి వెళ్ళగానే బావగారు కార్పెట్ మీద బోర్లా పడుకుని ల్యాంపు దిమ్మె అడుగు చూస్తారు. గుడ్డ అల్లిన పాత వైరుని గోటితో గీకుతారు. పొడి రాలిందో, మొహం వెలిగిపోతుంది. "ఒరిజినల్!" మామూలు మనిషైతే చెయ్యి వెనక్కి లాక్కునే వైరది.

అలా చేరినవన్నీ హాల్లో కొలువుదీరి ఉంటాయి. మెడ వంచి నిలబడ్డది బ్రిడ్జి ల్యాంపు. 1920ల్లో అమెరికా వాళ్ళు ఇళ్ళలో బ్రిడ్జి ఆడేటప్పుడు భుజం మీదుగా పేకముక్కల మీద వెలుతురు పడేందుకు కుర్చీ పక్కన పెట్టుకునేవారు. పాలగాజు గిన్నె బోర్లించకుండా నిలబెట్టింది తర్వాతి తరంది. వెలుతురుని పైకి కొట్టి సీలింగు మీదనుంచి కిందికి జార్చడం అప్పటి ఫ్యాషను. దాని బల్బు మామూలు కొట్లో దొరకదు, ఆ సంగతి ఆయన గర్వంగా చెబుతారు. రంగుటద్దాలది "టిఫనీ స్టైల్". ఆ "స్టైల్" ఆయన గొంతు తగ్గించి అంటారు. అసలు టిఫనీ ల్యాంపుల్లో పేరుమోసినవి చాలా వాటిని గీసింది టిఫనీ దొర కాదనీ, ఆయన దగ్గర పనిచేసిన క్లారా డ్రిస్కాల్ అనే ఆవిడనీ, పేరు మాత్రం దొరకు వచ్చిందనీ ఆవేశంగా వివరిస్తారు. ఈ ముక్క చెప్పేటప్పుడు మా అక్కయ్య పక్కనే దుమ్ముగుడ్డతో ఒక్కో అద్దం తుడుస్తూ ఉంటుంది.

రాజుగారు ఆర్కో. 1962లో ఇటలీలో కాస్తిల్యోని అన్నదమ్ములు ఫ్లాస్ కంపెనీకి చేసిన డిజైను. వీధి దీపం చూసి తట్టిందట. సీలింగుకి చిల్లి పెట్టకుండా భోజనాల బల్ల మీదికి దీపం రావాలి. అందుకని పొడుగాటి స్టీలు విల్లు, అది ఒరిగిపోకుండా దాదాపు 65 కిలోల కరారా పాలరాయి.

"ఆ రాతికి బెజ్జమెందుకురా?" అంది, ఆరు నెలలకని తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు.

"జరపాలంటే అందులో చీపురు కర్ర దూర్చి ఇద్దరు పట్టుకుని ఎత్తాలమ్మా. అదే దాని గొప్ప!"

"దీపానికి చీపురు తగిలిస్తార్రా? లక్ష్మి ఉంటుందా ఇంట్లో?"

ఇటలీ వాళ్ళకి ఈ సందేహం వచ్చినట్టు లేదు.

ఇన్ని ల్యాంపులున్నా ఆ హాల్లో చూపు ఆనదు. ప్రతిదానికీ డిమ్మరు, ప్రతి డిమ్మరూ సగానికే. "యాంబియెన్స్," అంటారు బావగారు. భోజనాలప్పుడు పప్పేదో పులుసేదో వాసన చూసి వడ్డించుకోవాలి. "ఒక్క ట్యూబులైటు వెయ్యరా నాయనా," అని అత్తయ్యగారు అడిగినప్పుడు ఆయన మొహం చూడాలి, ఇంట్లో ఎవరో కోడిని కొయ్యమన్న వైష్ణవుడిలా అయిపోయారు.

ఆవిడ వారం ఓపిక పట్టింది. తర్వాత కుర్చీ, గోంగూర కట్టలు పట్టుకుని గ్యారేజీలోకి మకాం మార్చింది. అమెరికా ఇంట్లో ట్యూబులైట్లు బతికున్న చోటు అదొక్కటే. మర్నాడు అక్కయ్య చేరింది. శనివారం వచ్చిన ఆడవాళ్ళందరూ అక్కడే చీరల అంచులు చూసుకున్నారు. రమ్మీ బ్యాచ్ కూడా, ఎర్ర ఆటీనో కళావరో తేలక రెండు షోలు తప్పయ్యాక, మడత బల్ల ఎత్తుకుని వెళ్ళిపోయింది. హాల్లో బ్రిడ్జి ల్యాంపు ఖాళీ కుర్చీ భుజం మీదుగా వెలుగుతోంది.

కాసేపటికి బావగారే వచ్చారు, చేతిలో విప్పిన స్విచ్చీ, స్క్రూడ్రైవరూ. "అక్కడ స్క్రూ కనపడటం లేదు," అన్నారు, ఎవరి మొహమూ చూడకుండా.

"కూర్చో," అని అత్తయ్యగారు ఒక గోంగూర కట్ట ఆయన ఒళ్ళో పడేసింది. "ఎర్రకాడవి వేరే పెట్టు. ఇక్కడ రంగు తెలుస్తుందిలే."