వెలుగు తగిలితే వెలిసిపోతాను

నేనొక గాజు స్లైడును. పుదుచ్చేరి గోరిమేడులోని జిప్‌మర్‌లో, చీకటి గదిలో నా కాపురం. గాజుదేముంది, పెట్టెలకొద్దీ దొరుకుతుంది. విలువంతా నా మీదున్న చర్మపు పొరది. అది యానాం నుంచి వచ్చిన ఒక పెద్దావిడది.

ఆవిడకు ముందు నోరు పూసింది. వేడి చేసిందనుకుని మజ్జిగతో నెలలు నెట్టుకొచ్చింది. తర్వాత వీపు మీద బొబ్బలు లేచాయి. బొబ్బ పక్కన బొటనవేలితో కాస్త రాస్తే పైచర్మం ఊడొచ్చింది. ఇది పెంఫిగస్ అని డాక్టర్లకు అనుమానం. ముక్క తీసేటప్పుడు బొబ్బను వదిలేసి, పక్కన బాగున్న చర్మాన్ని తీశారు. బొబ్బలో సాక్ష్యం చెడిపోతుంది మరి.

ఆ ముక్కను గడ్డకట్టించి, మైక్రాన్ల మందాన కోసి, నా మీద పరిచి, మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలు పోశారు. నీలి కాంతి పడగానే కణాల అంచులన్నీ ఆకుపచ్చగా వెలిగి, చేపల వల ఆరేసినట్టు కనిపించాయి. కణాన్ని కణం పట్టుకుని ఉండేది డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ వల్ల. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు దాని మీదికే ఎగబడ్డాయి. నోటి లోపలి పొరలో పట్టంతా ప్రధానంగా డెస్మోగ్లీన్ 3దే. ఒంటి చర్మంలో దానికి డెస్మోగ్లీన్ 1 తోడుంటుంది. అందుకే ముందు నోరు పూసింది. ఈ రోగుల రక్తంలో ఇలాంటి యాంటీబాడీలున్నాయని బ్యూట్‌నర్, జోర్డన్ చూపించింది 1964లో. జిప్‌మర్ ప్రారంభమైందీ ఆ ఏడాదే. వాటి గురి డెస్మోగ్లీన్ 3 అని 1991లో అమగాయ్, స్టాన్లీ బృందం తేల్చింది.

నన్ను చూడ్డానికొచ్చే పీజీ పిల్లలు తేలిగ్గా ఏం రాలేదు. ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన ఐఎన్ఐ-సెట్. ఒకప్పుడు జిప్‌మర్‌కు సొంత పరీక్ష ఉండేది. 2021 జనవరి బ్యాచ్ నుంచి ఎయిమ్స్ నడిపే ఈ ఉమ్మడి పరీక్షే. ఏ డెస్మోగ్లీన్ అంటే నిద్రలో లేపినా చెప్తారు. టార్చి వేసి పెద్దావిడ నోట్లోకి చూడటం మాత్రం ఏ ఆప్షన్లోనూ ఉండదు. ప్రొఫెసర్ గారు రోజూ ఇదే దెప్పుతారు. నాకూ సబబనే అనిపిస్తుంది.

ఆ నీలి కాంతి కింద ఉన్నకొద్దీ నా రంగు వెలిసిపోతుంది. "ముందు ఫొటో తియ్యవయ్యా, ముచ్చట్లు తర్వాత" అన్నారాయన.

పెద్దావిడకు స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ అనే మందు మొదలుపెట్టారు. స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బుతో చాలామంది బతికేవారే కాదు. ఈవిడ ఆ సంగతే ఎత్తలేదట. "పులసలొచ్చే వేళకి పులుసు తినగలనా బాబూ?" అని అడిగిందని జూనియర్ డాక్టరు చెప్పాడు.

"తిననీ. స్టెరాయిడ్లు వాడుతోంది కదా, ఉప్పు మాత్రం తగ్గించి వండుకోమను" అంటూ ప్రొఫెసర్ గారు ఇంకో స్లైడు అందుకున్నారు.