లారీ ఇంజను పని ఇంటి దగ్గరే: రాప్తాడు పద్ధతి

లారీ సైలెన్సరు నీలంపొగ కక్కుతూ, డీజిలుతో పోటీపడి ఇంజను ఆయిలు తాగుతుంటే మెకానిక్కు దగ్గరికి పరుగెత్తకండి. ఆయన ఓ నిమిషం చెవిపెట్టి విని "ఫుల్ ఇంజను పనప్పా, రింగులు పోయినాయి" అంటాడు. ఆ మాట అనడానికి మీకు మాత్రం నోరు లేదా? శెనక్కాయ ఎండిపోయింది, ఫైనాన్సు కంతు నెత్తిమీదుంది, ఖాళీగా ఉన్న మనిషి ఏదో ఒకటి విప్పాలి కదా.

చోటుకు కొదవలేదు. రాప్తాడులో 44వ నంబరు జాతీయ రహదారి పక్కన కాస్త జాగా ఉంటే చాలు. హైదరాబాదు, బెంగళూరు బండ్లు లేపే దుమ్ము సరిపోకుంటే ఆషాఢం గాలి ఉండనే ఉంది. ఆ గాలిని నమ్మి రామగిరి కొండలమీద గాలిమరలే పెట్టారు, మీరు బ్లాకు తెరిచిపెట్టలేరా? సిలిండర్లమీద గుడ్డ కప్పడం పిరికివాళ్ల పని. లైనర్లో ఎర్రమట్టి పడితే పిస్టన్ దాన్ని నూరుతూ తనకు కావలసినంత చోటు చేసుకుంటుంది. హోనింగు ఖర్చు మిగులు.

ఇంజను దించడానికి చైన్ బ్లాకును వేపకొమ్మకు తగిలించండి. ఆరు సిలిండర్లది అర టన్ను దగ్గర తూగుతుంది. పిల్లల ఉయ్యాల మోసిన కొమ్మ దీన్ని మోయదా? కింద బావమరిదిని నిలబెట్టండి, కొమ్మ విరిగే చప్పుడు ముందు ఆయనకే వినపడుతుంది.

మెయిన్ బేరింగు క్యాపుల మీది నంబర్లు పట్టించుకోకండి. క్యాపులన్నీ బిగించాకే కంపెనీలో ఒకే వరసన బోరు తీస్తారనీ, ఒకదాని చోట ఇంకోటి వేస్తే క్రాంకు బిగుసుకుంటుందనీ అంటారు. ఎన్నేళ్లుగానో కలిసి ఉన్నవే, సర్దుకుంటాయి.

చాలామంది బెదిరేది కొలతల దగ్గరే. క్రాంకు అరిగితే లేత్‌షాపులో గ్రైండింగ్ చేయించి, పది సైజో ఇరవై సైజో బేరింగులు వేయమంటారు. పది సైజంటే అంగుళంలో వెయ్యోవంతులు పది, సుమారు పావు మిల్లీమీటరు. కంటికే సరిగా ఆనని దానికి అంత డబ్బా? రింగు గ్యాపూ అంతే. రింగును లైనర్లోకి దించి రెండు కొనల మధ్య ఫీలర్ గేజి దూర్చి చూడాలట. సందు లేకుంటే వేడికి రింగు సాగి, కొనలు ఒకదాన్నొకటి తోసుకుని విరుగుతుందట. మీరు పాత బస్సు టికెట్టు దూర్చండి. దూరకుంటే మడత విప్పి దూర్చండి. ఇక రింగుల గ్యాపులను తలో దిక్కుకు తిప్పకుండా అన్నీ ఒకే గీతమీదికి తెచ్చిపెట్టండి. చూడముచ్చటగా ఉంటుంది, సిలిండర్లో మంటకు కింది ఆయిల్ సంపులోకి దారీ సుఖం.

హెడ్డు బోల్టులు నడిమి నుంచి అంచులకు, రెండుమూడు విడతలుగా, టార్క్ రెంచితో బిగించేవాళ్లకు పనీపాటా ఉండదు. పానాకు పైపు తొడిగి ఒక మూల నుంచి కిర్రుమనేదాకా లాగండి. గ్యాస్కెట్ లేచిపోతే రేడియేటర్లో బుడగలొస్తాయి, అంతే కదా.

రేడియేటరంటే గుర్తొచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే గగనమైన జిల్లాలో కూలెంటు కొనడం పాపం. బోరునీళ్లే పోయండి. లైనర్ల వెనక గార కట్టి ఇంజను వేడిని బయటికి పోనివ్వదు, చలికాలంలో ఉపయోగం.

నాజిళ్లు ఎట్లా చిమ్ముతున్నాయో పంపు షాపులో మిషను మీద చూస్తారు. మీకు అరచెయ్యి ఉంది. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూరుతుందనీ, వెంటనే ఆపరేషన్ చేయకుంటే వేళ్లే తీసేయాల్సి రావచ్చనీ డాక్టర్లు అంటారు. వాళ్లకు లారీల సంగతేం తెలుసు?

స్టార్టయ్యాక ఒక్కోసారి ఇంజను తనంతట తానే రేసు అందుకుంటుంది. రింగులు దాటొచ్చిన ఆయిలునే తాగి పరుగెడుతుంది కాబట్టి తాళం తీసినా, డీజిలు కట్టేసినా వినదు. గాలి పోయే దారి మూసేస్తే ఆగుతుందని పాత డ్రైవర్లు ఓ చెక్కపలక దగ్గర పెట్టుకుంటారు. శుభమా అని స్టార్ట్ చేస్తూ పలకేమిటి, అపశకునం! కనెక్టింగ్ రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తే అదే ఆగుతుంది.

అప్పుడిక బండిని బేరానికి పెట్టండి. "ఫుల్ ఇంజను పని అయిన బండి" అంటే అబద్ధం కాదు. స్టార్ట్ చేసి చూపమంటే బ్యాటరీ దిగిపోయింది, రేపు రాండప్పా అనండి.