‘సకుటుంబంగా తరలివెళ్తున్నాము’: టీక, తాత్పర్యం

మూలం. “మెరుగైన జీవన ప్రమాణాల దృష్ట్యా, పిల్లల ఉజ్జ్వల భవిష్యత్తు కొరకు, బరువెక్కిన హృదయంతో, కెనడాకు సకుటుంబంగా తరలివెళ్తున్నాము. మీ అందరి ఆశీస్సులు కోరుతున్నాము.”

అవతారిక. శంషాబాద్ విమానాశ్రయంలో ట్రాలీల ముందు నిలబడి తీయించుకొన్న ఫొటో కింద వెలువడే గద్యమిది. కర్తలు అనేకులు, పాఠం ఒక్కటే. దిష్టి తగులుతుందని వీసా ముద్ర పడేదాకా సొంత మేనమామకైనా చెప్పకుండా దాచి, పెట్టెలు సర్దాక ఊరందరికీ ఒక్కసారిగా చాటడం దీని సంప్రదాయం. మెదక్ జిల్లా కొల్చారం వాడుగా ప్రసిద్ధుడైన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకొన్నాడు. ప్రస్తుత టీక ఆ ఒట్టులో మొదటి సగాన్ని పాటిస్తుంది.

ప్రతిపదార్థం. మెరుగైన, దృష్ట్యా, కొరకు: స్పష్టం. ఉజ్జ్వల: వాక్యపూరణం.

జీవన ప్రమాణాల: అనగా నడవడానికి వీలున్న ఫుట్‌పాత్, వరుసలో నిలబడితే వచ్చే వంతు, పీల్చదగిన గాలి, ఇంటి దగ్గరి బడిలో ఫీజు లేని చదువు. ఇవన్నీ నగరపాలక సంస్థా విద్యాశాఖా తలచుకొంటే కొండాపూర్‌లోనూ సాధ్యమే కదా అనేది పూర్వపక్షం. సాధ్యమైతే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నట్టు అనేది సిద్ధాంతం. ఎల్‌కేజీ సీటుకు లక్షలు కట్టి, ఇంటర్‌కు వచ్చేసరికి పిల్లవాణ్ణి తెల్లవారుజామున లేపి రాత్రిదాకా గదిలో కూర్చోబెట్టే కాలేజీకి మళ్ళీ లక్షలు కట్టిన తండ్రి విసిగి వెళ్ళిపోతానంటే, అతడికి అడ్డుచెప్పే శాస్త్రం ఏదీ లేదు.

పిల్లల భవిష్యత్తు: ఈ విషయంలో పిల్లలను సంప్రదించినట్టు మూలంలో ఆధారం కనబడదు. కెనడా ప్రభుత్వం కూడా దీన్ని లెక్కలోకి తీసుకోదు. 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలసదారుల ఎంపిక పద్ధతిలో మొత్తం 1200 పాయింట్లు. దరఖాస్తుదారు వయసుకూ, భార్యాభర్తల చదువుకూ ఇంగ్లీషుకూ అనుభవానికీ వాటా ఉంది. పిల్లల పేరిట ఒక్క పాయింటూ లేదు. దరఖాస్తుదారుకు 45 ఏళ్ళు నిండితే వయసు కింద వచ్చేది సున్నా. భవిష్యత్తు పిల్లలదని మూలకారుడు అన్నా, ఎంపిక మాత్రం తల్లిదండ్రుల యౌవనాన్ని బట్టి జరుగుతుంది.

బరువెక్కిన: సాధారణంగా పెట్టెకు 23 కిలోల పరిమితి. హృదయానికి పరిమితి లేదు. ప్రయాణానికి ముందురాత్రి కొక్కెం తూకంతో పెట్టెను పైకెత్తితే 24.3 చూపిస్తుంది. ఆవకాయ తీయాలా, కుక్కర్ తీయాలా అన్న వాదం మొదలవుతుంది. ఆవకాయ మూడు పాలిథిన్ కవర్లూ బ్రౌన్ టేపూ చుట్టుకొని లోపలే ఉంటుంది. బయటికి వచ్చేది మనవడికని తాతగారు కొన్న పెద్దబాలశిక్ష.

కెనడాకు: ఇక్కడ కొంత విస్తరించడం న్యాయం. మంచి బతుకు కోసం పరాయి కొలువు చేరిన తెలుగువారిలో శ్రీనాథుడు అగ్రగణ్యుడు. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారి. ఆ రాజ్యం చెదిరాక దేశాలు పట్టాడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభకు వెళ్ళి గౌడడిండిమభట్టును ఓడించి, అతడి కంచుఢక్కను పగలగొట్టించి, కనకాభిషేకం పొందాడు. అయితే ఆ దర్శనం దొరికేలోపు పడ్డ పాట్లు ఆయన పేరిట ఉన్న ఒక చాటువు చెబుతుంది. తలకు కుళ్ళాయి పెట్టవలసి వచ్చింది, పొడుగాటి అంగీ తొడగవలసి వచ్చింది, వెల్లుల్లి తినవలసి వచ్చింది. చివరకు విసిగి, ఆ దేశపు రాజ్యలక్ష్మినే నిలదీసి, తానెవరో పేరు చెప్పుకొన్నాడు. నైషధాన్ని తెనిగించిన మహాకవి తన పేరు తానే చెప్పుకోవలసి రావడమే పరదేశ వాసానికి ముఖ్య లక్షణం. ఆ దేశం కన్నడం. లేఖకుడి చేతిలో ఒక్క అక్షరం జారితే కెనడా. ఇక్కడ ఇరవై ఏళ్ళు వైద్యం చేసిన డాక్టరు అక్కడ మళ్ళీ పరీక్షలు రాయడం, ఇంజినీరు తన డిగ్రీ డిగ్రీయేనని నిర్ధారణ పత్రం తెప్పించుకోవడం ఆ చాటువుకు ఆధునిక వ్యాఖ్యానాలు. ఉద్యోగ ప్రకటనల్లో కెనడా అనుభవం ఉండాలని అడగకూడదని ఒంటారియో రాష్ట్రం చట్టమే చేయవలసి వచ్చింది.

శ్రీనాథుడు అక్కడితో ఆగలేదు. రాజమహేంద్రవరం చేరి వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. పల్నాడు తిరిగి అక్కడి జొన్నకూటినీ నీళ్ళనూ తిట్టిపోశాడు. చివరికి బొడ్డుపల్లిని గుత్తకు తీసుకొని, పంట ఏటిపాలై, శిస్తు కట్టలేక శిక్ష అనుభవించాడని చాటువులు చెబుతాయి. ఇన్ని ఊళ్ళు తిరిగినా, బాగా బతకాలన్న కోరికను ఆయన దాచుకోలేదు. సన్నబియ్యం కావాలనుకొంటే సన్నబియ్యమనే అన్నాడు. ప్రస్తుత మూలకారుడికి ఆ మహాకవితో పోలిక ఇక్కడితో సరి.

సకుటుంబంగా: ఈ వాక్యానికి ఇది మర్మస్థానం. కెనడా వలస నిబంధనల లెక్కలో కుటుంబమంటే దరఖాస్తుదారు, జీవిత భాగస్వామి, పెళ్ళికాని 22 ఏళ్ళలోపు పిల్లలు. తల్లిదండ్రులు అందులో లేరు. వారిని తరవాత స్పాన్సర్ చేయవచ్చు గాని, అది లాటరీ. 2020లో నమోదైన పేర్లలోంచే ఆ తరవాతి ఏళ్ళలోనూ ఆహ్వానాలు తీస్తూ వచ్చారు. మిగిలింది 2011లో పెట్టిన సూపర్ వీసా. పేరు సూపర్, పని విజిటర్ వీసా. 2022 జులై నుంచి దానిమీద ఒక విడతలో 5 ఏళ్ళదాకా ఉండవచ్చు. అయితే కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపించాలి. ఏ దేశపు మెరుగైన జీవనం కోసం ఈ ప్రయాణమో ఆ దేశపు ఉచిత వైద్యం, డెబ్బై ఏళ్ళ అమ్మకు వర్తించదు. బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో మంచు కురిసే నెలల్లో గడప దాటలేక, మనవలను చూసుకొంటూ, వంట చేస్తూ ఆమె ఆరునెలలు గడిపి తిరిగివస్తుంది. చుట్టాలు ఎలా ఉందమ్మా అంటే “బాగుంది, రోడ్లు శుభ్రంగా ఉన్నాయి” అంటుంది.

ఆశీస్సులు కోరుతున్నాము: ‘మీ అందరి’ అన్నది బహువచనమైనా ఫలితం ఒక్కరికే చెందుతుంది. ఆ ఒక్కరు ఊళ్ళో మిగిలిపోయిన చెల్లెలు. నాన్నగారి బీపీ మాత్రలు, ఫ్లాట్ అద్దె వసూలు, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆసుపత్రికి ఆటో, ఇవన్నీ ఆశీస్సులతోపాటు ఆమెకు సంక్రమిస్తాయి. ఫొటోలో ఆమె ఉండదు. తీసింది ఆమే.

అలంకారం. అపహ్నుతి. అసలు వస్తువును కాదని మరొకదాన్ని దానిపై ఆరోపించడం దీని లక్షణం. ఇక్కడ జీతాన్ని దాచి త్యాగాన్ని ఆరోపించారు. రసం కరుణమని మూలకారుడి అభిప్రాయం. వినేవారిలో వ్యంజితమయ్యేది వేరు: ‘మీ పిల్లల భవిష్యత్తు గురించి మీకు పట్టదా’ అన్న ప్రశ్న. ఇక్కడే ఉండి, అదే ట్రాఫిక్‌లో అదే బడికి పిల్లను దించివచ్చే తల్లికి ఆ ధ్వని ములుకులా గుచ్చుకుంటుంది.

తాత్పర్యం. మంచి జీతం, నడవదగ్గ వీధి, ఫీజు లేని బడి కావాలని భార్యాభర్తలు పిల్లలను తీసుకొని కెనడా వెళ్తున్నారు. పెద్దవాళ్ళు ఇక్కడే ఉంటారు. వెళ్ళడంలో తప్పు లేదు. దానికి త్యాగం రంగు పులమడమే తప్పు. ఇకమీదట ఈ ప్రకటన రాసేవారు ‘సకుటుంబంగా’ అన్న మాట తీసేసి, ఆ చోటులో అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకువెళ్ళేదెవరో రాయాలి.