గట్టమ్మ కాడ ప్రొఫెషనల్స్

హైదరాబాద్ మారథాన్‌కు గుట్టలు లేని లోటు ఫ్లైఓవర్లు తీర్చాయి. ఏటా ఆగస్టులో ఓ ఆదివారం తెల్లారకముందే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరిన జనం ఒక్కో ఫ్లైఓవరూ ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియంలో తేలతారు. మొత్తం 42.195 కిలోమీటర్లు. ఆ తోక లెక్క ఎందుకంటే, 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగియాలన్నారు. రాజుగారి వీలు కోసం కొలిచిన దూరాన్ని జనం ఇప్పుడు డబ్బు కట్టి మరీ ఉరుకుతున్నారు. మనిషి కారును దాటిపోవడం హైటెక్ సిటీలో మిగతా రోజుల్లోనూ చూడొచ్చు గానీ, అప్పుడు మెడల్ ఇవ్వరు.

ఆ ఎక్కుడూ దిగుడూ అలవాటు చేసుకోవాలని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రన్నింగ్ టీం మా ములుగు వచ్చింది. అందులో మా మేనల్లుడు ఉన్నాడు. లక్నవరం కాటేజీల్లో దిగారు. ఉరికేవాళ్లు డజను మంది, వాళ్లను ఉరికించేవాళ్లు అరడజను: కోచ్, ఫిజియో, ఏం తినాలో చెప్పే మేడం, ఫొటోలు తీసే కుర్రాడు, ఇంకా వాళ్ల సామాన్లు చూసే ఇద్దరు.

"ప్రొఫెషనల్ సెటప్ మామా" అన్నాడు మావాడు.

సెటప్ గురించి నాకు అనుమానం లేదు. రాత్రి భోజనంలో పాస్తాను చిన్న తక్కెడలో తూచి వడ్డించుకున్నారు. మా అక్క పంపిన సకినాలు మాత్రం తూకానికి రాలేదు, ప్రాక్టీసు అయ్యాక చూద్దామని మేడం పక్కన పెట్టించింది. పొద్దున నిద్ర బాగా పట్టిందా అని అడిగితే మావాడు వెంటనే జవాబు చెప్పలేదు. చేతి గడియారం నొక్కి, చూసి, మొహం చిన్నబుచ్చుకుని "సరిగ్గా పట్టలేదట మామా" అన్నాడు. బూట్లలో కార్బన్ పలక ఉందట, ఖరీదు ఇరవై వేలు. ఊరికే నడిస్తే అరుగుతాయని వాటిని చేతిలో పట్టుకుని, చెప్పులేసుకుని కారెక్కాడు. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేసి పెట్టిన జాతీయ రికార్డు దశాబ్దాలు నిలబడిందనీ, ఆయన వట్టి కాళ్లతో ఉరకడానికి పేరుపడ్డాడనీ చెప్పబోయి ఊరుకున్నాను. పెద్ద పరుగు ముందు పిల్లల మనసు కష్టపెట్టకూడదు.

ఎత్తు కావాలన్నారు కదా, గట్టమ్మ గుట్ట దగ్గరికి తీసుకుపోయాను. మేడారం పోయే బండి ఏదైనా ముందు ఆగి మొక్కేది గట్టమ్మకే. 163 నంబరు జాతీయ రహదారి, ఇంకా చీకటి. అప్పటికే అక్కడ మరో టీం ఉంది. పది పదిహేను మంది మొగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. కోచ్ లేడు, ఫిజియో లేడు. ఒకడి చేతిలో మాత్రం ఫోన్, అందులో స్టాప్‌వాచ్.

"ఏ ఈవెంట్‌కు ప్రిపేర్ అవుతున్నారు?" అని అడిగాడు మన కోచ్.

"ఈవెంట్స్‌కే సార్" అన్నాడు ఫోన్ పిల్లగాడు.

కోచ్‌కు అర్థం కాలేదు. నేను చెప్పాల్సొచ్చింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్షలో మొగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. ఆర్మీకైతే అదే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితేనే నిండు మార్కులు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఉరుకుడు లేదు, మొగవాళ్లయితే నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. నగరంలో ఉరకడానికి ఎదురు డబ్బు కడతారు, ఇక్కడ ఉరికితే జీతం వస్తుందని ఉరుకుతారు. మరి ప్రొఫెషనల్స్ ఎవరో పాఠకులే తేల్చుకోవాలి. టైమింగ్ చిప్పు గురించి కోచ్ గొప్పగా చెప్పబోతే పిల్లలు ఆశ్చర్యపోలేదు. రిక్రూట్‌మెంట్ బోర్డు వాళ్లు కూడా చిప్పు కట్టే ఉరికిస్తారు.

తేడా ఒక్క క్యాలెండర్‌లోనే. తెలంగాణలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ 2018లో ఒకటి వచ్చింది, మళ్లీ 2022లో వచ్చింది. ఒలింపిక్స్ కూడా నాలుగేళ్లకోసారే గానీ, వాళ్లు తేదీ ముందే చెబుతారు. ఇక్కడ టైమింగ్ తగ్గుతూ పోతుంది, వయసు పెరుగుతూ పోతుంది, బోర్డు రెండింటినీ కొలుస్తుంది.

అందరూ కలిసి ఒక 1600 మీటర్లు కొడదామన్నారు మావాళ్లు. రోడ్డు ఖాళీ చేయించడానికి వలంటీర్లు లేరు. ఆ పని ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే ఇసుక లారీ డ్రైవర్లు చూసుకున్నారు. వెనక నుంచి ఒక్క హారన్ కొడితే రెండు టీములూ సమానంగా రోడ్డు దిగాయి. ఫలితం రాయడం అనవసరం. మావాడు వచ్చేసరికి పిల్లలు చెమట తుడుచుకుని, నీళ్లు తాగి, రెండోసారికి తయారుగా ఉన్నారు. మావాడు రొప్పుతూనే ముందు గడియారం ఆపాడు, తర్వాత కూలబడ్డాడు. ఆపకుండా కూలబడితే లెక్కలోకి రాదట.

ముందొచ్చిన పిల్లగాడి కాళ్లకేసి చూశాడు కోచ్. ఒక బూటు బొటనవేలి దగ్గర కుట్టేసి ఉంది.

"ఏ బ్రాండ్?"

"అన్నవి సార్. మొన్నటి నోటిఫికేషన్ల ఆయనకు జాబ్ వచ్చింది, నాకు బూట్లొచ్చినయ్."

ఫొటోల కుర్రాడు ఆ బూటును నాలుగు కోణాల్లో తీసుకున్నాడు.

టిఫిన్ దగ్గర కోచ్‌కు ఆలోచన వచ్చింది. ములుగు నుంచి మేడారం దూరం ఇంచుమించు మారథాన్ అంతే కదా, ఇక్కడే ఒక మారథాన్ పెడితే? జాతర వేళ పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును తీసుకుని కోయ పూజారులు అడవి దారిన నడిచే వస్తారనీ, అది మారథాన్‌ను మించిన దూరమేననీ చెప్పాను. కోచ్ కళ్లు మెరిశాయి. "వాళ్ల టైమింగ్ ఎంత?" అన్నాడు. "రెండేళ్లకోసారి" అన్నాను.

జిల్లా అంతా ఒకేసారి ఉరికిన రోజు కూడా ఒకటుంది. 2024 డిసెంబర్ 4, పొద్దున 7 గంటల 27 నిమిషాలకు రిక్టర్ స్కేల్ మీద 5.3 భూకంపం వచ్చింది, కేంద్రం ములుగు జిల్లాలోనే. వార్మప్ లేదు, ఎంట్రీ ఫీజు లేదు. లుంగీలతో ఉరికినవాళ్లూ పళ్లు తోముతూ ఉరికినవాళ్లూ మంచి టైమింగే చేసి ఉంటారు. గడియారం ఎవరూ చూడలేదు, అంతే.

పరుగుకు ప్రోత్సాహం లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. పక్కన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో ఉరికి కంచు పతకం తెచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. ఇచ్చింది తక్కువేం కాదు. కోచ్ నాగపురి రమేశ్ ఆ పిల్లను హైదరాబాద్ పంపమన్నప్పుడు మాత్రం ఇంట్లో బస్సు చార్జీలకే వెతుక్కున్నారు. మన దగ్గర పద్ధతి అది. పతకం తెచ్చినవాళ్లకు కోటి, తేవడానికి పోయేవాళ్లకు టికెట్ సొంతం.

వెళ్లేముందు కోచ్ ఆ కుట్టుబూటు పిల్లగాడిని పక్కకు పిలిచాడు. మారథాన్ వారాంతానికి వస్తే తమ టీంకు పేసర్‌గా పెట్టుకుంటామన్నాడు. అంటే ముందు ఉరుకుతూ మావాళ్లను వెంట ఉరికించాలి. టీషర్ట్, టోపీ, మెడల్, బ్యాగు, ఫినిషర్ సర్టిఫికెట్ అన్నీ ఉచితం. ఈమెయిల్ ఇస్తే చాలు.

పిల్లగాడు కాసేపు ఆలోచించాడు.

"ఆ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాల నడుస్తదా సార్?"

"అలా కాదు బ్రో, ఇది ఎక్స్‌పీరియన్స్. లైఫ్‌లో ఒక్కసారైనా..."

"ఏ రోజు సార్?"

"ఆదివారం."

"అయితే కుదరది సార్. ఆదివారం హన్మకొండల మాక్ టెస్ట్ ఉంది. ఫీజు కట్టిన."